మా బాల్వాడి బిడ్డలకు సైగలు నేర్పించండి

విరుదునగర్, తూత్తుక్కుడి జిల్లాల కలెక్టరు గార్లకు,

ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. కోవిల్‌పట్టి ఒకరి జిల్లాలో ఉంది, సాత్తూరు, శివకాశి, విరుదునగర్ ఇంకొకరి జిల్లాలో ఉన్నాయి. మాకు మాత్రం పిల్లనిచ్చేదీ తెచ్చుకునేదీ, మిల్లు పనీ, తీప్పెట్టి ఆపీసు (అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ) పనీ, జ్వరమొస్తే పరుగెత్తే డాక్టరూ అన్నీ ఆ జిల్లాల సరిహద్దు గీతకు అటూ ఇటూ ఉన్నాయి. మా ఇళ్లలో మాట తెలుగు కాబట్టి తెలుగులో రాస్తున్నాను. తమిళ ప్రతి మీ ఇద్దరి ఆఫీసులకూ విడిగా పంపుతున్నాను.

నా మనవి ఇది. మీ రెండు జిల్లాల అంగన్‌వాడీల్లో (మేం ఇప్పటికీ బాల్వాడి అనే అంటాం) చెవులు చక్కగా వినపడే పిల్లలకు కూడా భారతీయ సంజ్ఞా భాష నేర్పించండి. రెండేళ్ల వయసు నుంచే మొదలుపెట్టించండి. ముందు అయిదారు ఊళ్లతో మొదలైనా సంతోషమే.

వినపడే బిడ్డకు సైగలెందుకని మీకు వెంటనే అనిపిస్తుంది. మా వీధిలోనూ అందరూ అదే అడిగారు. అందుకని ముందు మా పక్కింటి కోడలి సంగతి చెప్తాను.

ఆమెకు పుట్టుకతోనే చెవులు వినపడవు. బధిరుల బడిలో హాస్టల్లో ఉండి పది దాకా చదువుకుంది. భర్తా అలాంటివాడే, శివకాశిలో ప్రెస్సు పని. అత్తగారికి అన్నీ వినపడతాయి, కాస్త ఎక్కువే వినపడతాయి. వాళ్లకు పుట్టిన ఆడపిల్లకు చెవులు నిక్షేపంగా ఉన్నాయి. ఆ బిడ్డకు పధ్నాలుగు నెలలున్నప్పుడు నేను చూసింది ఇది. తల్లి నేల మీద కూచుని అగ్గిపెట్టెలు అంటించుకుంటోంది. వేళ్లనిండా పసుపు రంగు జిగురు. బిడ్డ పాక్కుంటూ వచ్చి తల్లి మోకాలి మీద తట్టింది. ఏడవలేదు. ఏడిస్తే అమ్మ తిరిగి చూడదని, తాకితేనే చూస్తుందని ఆ వయసుకే కనిపెట్టేసింది. తల్లి తలెత్తగానే చెయ్యి తీసుకెళ్లి ముక్కు మీద పెట్టుకుంది. మన దేశపు సైగల్లో ఆడమనిషికి గుర్తు ముక్కుపుడక, చూపుడువేలితో ముక్కు పక్కన తాకి చూపిస్తారు. మగమనిషికి మీసం. అంత చిన్నబిడ్డకు ఒక్క వేలు విడిగా నిలవదు కదా, అరచెయ్యి మొత్తం ముక్కు మీద పడింది. తర్వాత అయిదు వేళ్లూ కూడదీసుకుని నోటి దగ్గరకు తెచ్చుకుంది. అమ్మా, బువ్వ. తల్లి జిగురు చేతిని చీరకొంగుకు తుడుచుకుని లేచింది.

సాయంత్రం తండ్రి సైకిలు దిగే వేళకు పైపెదవి మీద వేలు రుద్దుకుంటూ గుమ్మంలో నిలబడేది. అది వాళ్ల నైనాకు గుర్తు. ఆ ఇంట్లో మాటలు దీపం వెలుతురులోనే సాగుతాయి. కరెంటు పోయిందంటే అందరి మాటా ఆగిపోతుంది, సెల్‌ఫోను లైటు వెలిగించుకుంటే గాని తెల్లవారుజామున బిడ్డకు ఒళ్లు కాలుతోందన్న సంగతి కూడా ఒకరికొకరు చెప్పుకోలేరు.

అత్తగారి బాధ వేరే. "చెయ్యి ఆడిస్తా ఉంటే నోరు ఎట్ల వస్తుంది? దీన్నీ ఊమచ్చిని (మూగదాన్ని) చేస్తా ఉంది" అని నా దగ్గర వచ్చి ఏడ్చేది. బిడ్డ బాల్వాడికి వెళ్లాక అక్కడ కూడా అదే మాట. ఏ ఊరి బాల్వాడో చెప్పను, అక్కడి టీచరమ్మ మనసున్న మనిషి, బిడ్డలకు ముక్కు తుడిచి అన్నం కలిపి పెట్టే మనిషి. బిడ్డ సైగ చేస్తే "చెయ్యి దించు, నోటితో అడుగు" అనేది, అంతే. మంచికే అన్నది. దాంతో కొన్నాళ్లు ఆ బిడ్డ బాల్వాడిలో నోటితోనూ అడగలేదు, చేత్తోనూ అడగలేదు. ఎవరి ఒడిలోనూ కూచోకుండా గోడకు ఆనుకుని ఉండేది. ఇప్పుడు మూడేళ్లు దాటాయి. అవ్వతో తెలుగు, వీధిలో తమిళం, అమ్మానైనాలతో చేతులు, మూడూ తడుముకోకుండా వస్తున్నాయి. అవ్వ ఇప్పుడు నా దగ్గర ఏడవడం మానేసి, కోడలికి ఏదైనా చెప్పాలంటే మనవరాలిని కేకేస్తోంది.

సైగలు నేర్పితే నోటిమాట వెనకబడుతుందన్న భయం మా నేలలో ఎలా పుట్టిందో నాకు అంతుపట్టదు. మా ఊళ్లలో పిల్లలందరూ ఇంట్లో తెలుగు విని, బాల్వాడిలో తమిళం విని పెరిగినవాళ్లే. మా రాజకంబళం వాళ్లు, కమ్మవారు, రెడ్లు, అరుంధతీయర్లు, దేవాంగులు అందరి ఇళ్లలోనూ ఇదే తీరు. కోవిల్‌పట్టి పక్క ఇడైసెవల్‌లో ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో రాసి 1991లో సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్నారు. తమిళనాడంతా ఆయన్ని మా మాటతోనే 'నైనా' అని పిలుచుకుంది. ఇంటి తెలుగు ఆయన తమిళాన్ని చెడగొట్టిందని ఎవరూ అనలేదు. రెండు నోటిభాషలు ఇముడ్చుకున్న బిడ్డకు చేతిభాష ఒకటి బరువవుతుందా?

పరిశోధనలూ ఈ భయాన్ని సమర్థించడం లేదు. బధిరులైన తల్లిదండ్రులకు పుట్టిన పిల్లల్ని అమెరికాలో జాన్ బాన్‌విలియన్, ఆయన తోటివారు గమనించి 1983లో ప్రచురించారు. ఆ పిల్లలు సగటున ఎనిమిదిన్నర నెలలకే మొదటి సైగ చేశారు. సాధారణంగా మొదటి మాట ఏడాది దగ్గర వస్తుంది. గొంతు పట్టుకు రాకముందే వేళ్లు పట్టుకు వస్తాయి, కారణం అదేనంటారు. 1991లో లారా ఆన్ పెటిట్టో, పౌలా మారెంటెట్ కలిసి సైన్స్ పత్రికలో ఇంకో సంగతి రాశారు. సైగల ఇంట్లో పెరిగే బధిర శిశువులు, వినపడే పిల్లలు బబ్బబ్బా అని ఊకొట్టే వయసులో, చేతులతో అలాగే అర్థం లేని ఊకొట్లు కొడతారట. భాష నోటికే పుట్టాలన్న నియమం మెదడు పెట్టుకోలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, లేకపోతే రేపు మీ దగ్గరికి ఎవరో రంగురంగుల కార్డుల పెట్టె పట్టుకుని వస్తారు. వినపడే పసిపిల్లలకు సైగలు నేర్పడం ఇప్పుడు పెద్ద నగరాల్లో ఫ్యాషను. కాలిఫోర్నియాలో లిండా అక్రెడోలో, సూసన్ గుడ్విన్ 1996లో దీనిమీద పుస్తకం రాశారు, జోసెఫ్ గార్సియా అని ఇంకొకాయన రాశాడు. ఆ తర్వాత క్లాసులు, వీడియోలు, యాప్‌లు. బిడ్డ ముందే మాట్లాడుతుంది, తెలివి పెరుగుతుంది అని అమ్ముతారు. అక్రెడోలో, గుడ్విన్‌ల సొంత అధ్యయనంలో కొంత మేలు కనిపించింది నిజమే. అయితే 2005లో కెనడాలో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కూడదీసి చూసినవాళ్లు, అంత గట్టిగా చెప్పడానికి ఆధారం చాలదన్నారు. 2013లో ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయంవాళ్లు 40 మంది తల్లీబిడ్డల్ని ఎనిమిది నెలల వయసు నుంచి ఇరవై నెలల దాకా వెంటాడి చూశారు. సైగలు నేర్చిన పిల్లలకు మాటలు ముందుగానూ రాలేదు, ఆలస్యంగానూ రాలేదు. తేడా కనిపించింది తల్లుల్లో. సైగలు నేర్పిన తల్లులు బిడ్డ చేతినీ చూపునూ ఎక్కువ కనిపెట్టుకుని ఉన్నారు, బిడ్డ ఏం కావాలంటోందో బాగా పట్టుకున్నారు. నాకు అది చిన్న విషయంగా తోచదు. కానీ తెలివి పెరుగుతుందని చెప్పి ఈ పని మొదలుపెట్టకండి. రెండేళ్లకు తెలివి పెరగలేదని మానేస్తారు. పైగా ఆ కార్డుల్లో ఉండేవి ఎక్కువగా అమెరికా సైగలు. వాటితో మా పక్కింటి కోడలిని పలకరించలేం.

పలకరించడమే నాకు కావాలి. వినపడే పిల్లలకు సైగలు నేర్పమనడం ముందుగా వినపడని పిల్లల కోసం.

2011 జనగణనలో వినికిడి లోపం ఉన్నవారు దేశంలో 50 లక్షలు దాటారు. పుట్టుకతో చెవుడున్న పిల్లల్లో పదికి తొమ్మిదిమందికి మించి వినపడే తల్లిదండ్రులకే పుడతారు. అంటే ఆ బిడ్డ పుట్టిన ఇంట్లో ఆ బిడ్డ భాష ఎవరికీ రాదు. మన వైపు మేనరికాలూ ఎక్కువే. తమిళనాడులో నాలుగింట ఒకటికి మించి పెళ్లిళ్లు దగ్గరి సంబంధాలేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అక్క కూతుర్ని మేనమామకిచ్చే ఆచారం మా కులాల్లో నిన్నమొన్నటి దాకా గొప్పగా చెప్పుకున్నదే. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు జత కూడితే వచ్చే చెవుడు దాంతో పెరుగుతుంది. నేనేమీ నీతులు చెప్పడం లేదు, నాదీ మేనరికమే.

ప్రభుత్వం ఊరుకోలేదని నాకు తెలుసు. ముఖ్యమంత్రి బీమా పథకం కింద ఆరేళ్ల లోపు పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంటు ఆపరేషను డబ్బు లేకుండా చేస్తున్నారు. అది లక్షల రూపాయల ఆపరేషను. దాంతో చక్కగా మాట్లాడుతున్న పిల్లలను మా వైపే చూశాను. కానీ చెవుడు కనిపెట్టడానికి కొన్ని నెలలు, ఆపరేషనుకు వంతు రావడానికి కొన్ని నెలలు, తర్వాత శబ్దానికి అర్థం నేర్పే శిక్షణకు ఏడాదీ ఆపైనా. పల్లె నుంచి బస్సెక్కి టౌనుకు వచ్చి ఆ శిక్షణ పూర్తి చేయించాలంటే తల్లి ఆపీసు పని మానుకోవాలి. పైన పెట్టుకునే మిషను పాడైతే, బ్యాటరీ అయిపోతే మళ్లీ నిశ్శబ్దం. ఇన్ని నెలలూ బిడ్డ మెదడు భాష కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. మొదటి అయిదేళ్లలో ఏదో ఒక భాష పూర్తిగా అందకపోతే తర్వాత ఏ భాషా పూర్తిగా అందడం కష్టం. ఇంత తెలిసీ "ఆపరేషనయ్యింది కదా, ఇక సైగలు చెయ్యనివ్వకండి" అని తల్లులకు చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో కూచున్న టీచర్ల సమావేశం బధిరుల బళ్లలో సైగలు వద్దని తీర్మానించింది. 2010లో వాంకూవర్‌లో అదే సమావేశం ఆ తీర్మానం తప్పని విచారం తెలిపింది. ఆ విచారం మా ఊళ్ల దాకా వచ్చినట్టు లేదు. ఇంప్లాంటు పెట్టించండి, సైగలూ నేర్పించండి. బిడ్డకు రెండూ ఉంటే నష్టమేమిటి?

అయితే వినపడని బిడ్డకు ఒక్కదానికే సైగలు నేర్పితే అది ఎవరితో మాట్లాడుతుంది? తల్లి ఒక్కతే నేర్చుకుంటే తల్లితో మాత్రమే. వీధిలో ఆడుకునే పిల్లలకు రావాలి. అలా వచ్చిన ఊళ్లు లోకంలో ఉన్నాయి. అమెరికాలో మార్థాస్ విన్యార్డ్ అనే దీవిలో తరతరాలుగా చెవుడు ఎక్కువగా ఉండేది, దాంతో వినపడేవాళ్లకూ సైగలు వచ్చేవి. నోరా గ్రోస్ అనే ఆమె 1985లో ఆ దీవి కథ రాసింది. అక్కడి ముసలివాళ్లను ఫలానావాళ్లు చెవిటివాళ్లా అని అడిగితే, ఆలోచించి గాని చెప్పలేకపోయేవారట. మన పక్క రాష్ట్రంలోనే, కర్ణాటకలోని గౌరిబిదనూరు పక్క అలీపుర అనే ఊరుంది. అక్కడ వినపడనివాళ్లు వందకు మించి ఉన్నారు, వాళ్లకు ఆ ఊరిదే అయిన సైగల భాష ఉంది, వినపడేవాళ్లలోనూ చాలామందికి అది వచ్చు. అలాంటి ఊళ్లకు తరాలు పట్టాయి. మనకు అంత పట్టదు, ఎందుకంటే మనకు ఊరూరా బాల్వాడి ఉంది. రెండేళ్ల నుంచి అయిదేళ్ల పిల్లలు రోజూ ఒకచోట కూచుని అన్నం తింటారు.

ఆ వయసు పిల్లలకు నేర్పడం కష్టమా అంటారేమో. బిడ్డకు మొదట నేర్పేవే చేతిపనులు కదా. దండం పెట్టు అంటే పెడుతుంది, టాటా చెప్పు అంటే చెబుతుంది, తారంగం ఆడమంటే చేతులు తిప్పుతుంది. ఆ వరసలోనే ఇంకో యాభై సైగలు.

ఎలా చేయాలో నాకు తోచింది చెప్తాను, మీ దగ్గర నాకంటే తెలిసినవాళ్లు ఉంటారు. వీడియోలు పంపి ఊరుకోవద్దు. వీడియోలకు కొదవ లేదు. 2015లో ఢిల్లీలో పెట్టిన భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో మూడు వేల మాటల నిఘంటువు తెచ్చింది, 2021కి అది పది వేల మాటలకు పెరిగింది, అన్నీ ఉచితంగా చూడొచ్చు. 2024 డిసెంబరు నుంచి పీఎం ఈ-విద్య 31వ ఛానల్ పూర్తిగా సైగల భాషకే ఇచ్చారు. కానీ పసిబిడ్డ టీవీ నుంచి భాష నేర్చుకోదు, మనిషి మొహం చూసి నేర్చుకుంటుంది. సైగల భాషలో సగం పని మొహానిది. కనుబొమలు లేస్తే ప్రశ్న, ముడిపడితే ఇంకోటి. ప్రశ్నలో ఎవరు, ఏమిటి అన్న మాట చివర్లో వస్తుంది. అందుకని మనుషుల్ని పెట్టండి. శివకాశి ప్రెస్సుల్లో, కోవిల్‌పట్టి తీప్పెట్టి ఆపీసుల్లో, టైలరు షాపుల్లో సైగల భాష బాగా వచ్చిన బధిరులు ఉన్నారు. పది చదివి ఇంట్లో పెట్టెలు అంటించుకుంటున్న ఆడవాళ్లు ఉన్నారు. వారానికి రెండు పూటలు బాల్వాడికి రప్పించి, దానికి తగిన జీతం ఇవ్వండి. గౌరవ వేతనం అన్న పేరుతో బస్సు చార్జీ మాత్రం చేతిలో పెట్టకండి. వాళ్లు నేర్పేటప్పుడు టీచరమ్మా, ఆయమ్మా పిల్లలతో పాటే కూచుని నేర్చుకోవాలి. టీచరమ్మల మీద ఇప్పటికే తూకాల రిజిస్టరు ఉంది, పోషణ్ యాప్ ఉంది, ఇది ఇంకో రిజిస్టరు కాకూడదు. దయచేసి ఫోటో తీసి అప్‌లోడ్ చెయ్యమనకండి.

మొదలు అక్షరాలతో వద్దు. బువ్వ, నీళ్లు, చాలు, ఇంకా కావాలి, నొప్పి, ఉచ్చ, భయం, అమ్మ, నైనా, రా, కూచో, నాది. బిడ్డకు అవసరమైనవి ముందు. ఊళ్లో బధిరులు వాడే సైగ నిఘంటువులో ఉన్నదానికి తేడాగా ఉంటే ఊరిదాన్ని తప్పనవద్దు. దేశమంతటికీ ఒకే ప్రమాణం తెస్తూనే స్థానిక సైగల్ని గౌరవించమని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పింది. సైగల భాష వచ్చిన టీచర్లను నియమించాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పదిహేడో సెక్షను చెబుతోంది. అంటే మీరు కొత్త ఉత్తర్వు కోసం చెన్నై వైపు చూడనక్కర్లేదు.

పాళయంకోట మాకు బస్సులో గంటన్నర. అక్కడ 19వ శతాబ్దం చివరి ఏళ్లలో ఫ్లారెన్స్ స్వెయిన్‌సన్ అనే మిషనరీ బధిరులకు బడి పెట్టింది. దేశంలో పాత బళ్లలో అదొకటి, ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ చదువుకున్నవాళ్లు ఈ చుట్టుపక్కల జిల్లాలన్నిటా ఉన్నారు. మొదటి టీచర్లను వెతకడానికి అది మంచి చోటు.

విరుదునగర్ 2018 నుంచి ఆకాంక్ష జిల్లాల పట్టికలో ఉంది. ప్రతి నెలా ర్యాంకు వేస్తారట. పిల్లల బరువుకు ఒక గడి, టీకాలకు ఒక గడి. చెవిటి బిడ్డతో మాట్లాడగలిగిన పిల్లలు ఊళ్లో ఎంతమంది అన్నదానికి గడి లేదు. అందుకే ఉత్తరం రాసి అడగాల్సి వస్తోంది. ఇద్దరినీ కలిపి అడగడానికి నాకు ఇంకో ధైర్యం కూడా ఉంది. కామరాజర్ పుట్టింది విరుదునగర్‌లో, బడిపిల్లల మధ్యాహ్న భోజనం 1956లో మొదలుపెట్టింది కోవిల్‌పట్టి పక్కన ఎట్టయాపురంలో. ఆ పళ్లెం తర్వాత ఎంత దూరం వెళ్లిందో మీకు నేను చెప్పాలా?

సెప్టెంబరు 23న అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినమని ఏటా కలెక్టరాఫీసుల్లో సభ పెడతారు, శాలువాలు కప్పుతారు. ఈసారి ఆ రోజు శాలువాలు మానేసి సాత్తూరు, కోవిల్‌పట్టి మధ్య ఉన్న అయిదారు బాల్వాడీల పేర్లు ప్రకటించండి. అంతకుముందు ఒక సమావేశం పెడతారనుకుంటాను. దానికి చెవి డాక్టర్లను, ఐసీడీఎస్ అధికారులను పిలవండి, మా పక్కింటి కోడలు లాంటి తల్లులను కూడా ఇద్దరు ముగ్గురిని పిలవండి. ఇంటర్‌ప్రెటర్‌ను ముందే మాట్లాడి పెట్టండి. మనవరాలిని తెచ్చుకుంటాం, అది చెబుతుందిలే అని వాళ్ల అత్తగారు అంటుంది. ఒప్పుకోకండి, మూడేళ్ల బిడ్డ చేత మీటింగులో అనువాదం చేయించకూడదు.

ఇట్లు,
కోవిల్‌పట్టి తాలూకాలో రిటైరైన ఒక బడిపంతులమ్మ